ముప్పై మార్కుల గుండె

నిన్న మధ్యాహ్నం ఫోనులో నాకొక అంకె తెలిసింది. అప్పటి నుంచి నా కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. పక్కింటావిడకు చెప్పాను. పాలు పోసే అతనికి చెప్పాను. కూరగాయల బండి ఆపి మరీ చెప్పాను. పాపం, వాళ్ళు తల ఊపారే గానీ, అందులో అంత సంబరమేముందో ఒక్కరికీ తెలియలేదు. మీకు తెలుస్తుంది. ఇప్పుడిప్పుడే గుండె వార్డులో డ్యూటీలు మొదలుపెట్టిన పిల్లలు మీరు. అందుకే మీకోసం కూర్చుని రాస్తున్నాను. అంకె మాత్రం ఇప్పుడే చెప్పను. నోరు ఆపుకోవడం నాకు కష్టమే, కానీ వరుసలో వింటేనే దాని రుచి.

ముందు నా గురించి రెండు మాటలు. మాది గోస్పాడు దగ్గర పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్ళు. మా వంశంలో డిగ్రీ అనేది నాతోనే మొదలు. అది కూడా అందరిలా చిన్న వయసులో రాలేదు. నర్సింగు డిప్లొమాతో ఉద్యోగంలో చేరి, పెళ్ళయి, పిల్లలు హైస్కూలుకు వచ్చాక మళ్ళీ పుస్తకాలు పట్టి తెచ్చుకున్నాను. సెకండ్ క్లాసు. ఆ మాట చెప్పుకోవడానికి నాకిప్పటికీ గర్వమే. మా నాయనకు ఫస్టు, సెకండ్ తెలియవు. ఆయనకు తెలిసిన అంకె ఒక్కటే, ముప్పై అయిదు. పైన ఉంటే పాసు, కింద ఉంటే ఫెయిలు. నేను ఏ పరీక్ష రాసినా "గట్టెక్కినావా లేదా?" అని అడిగేవాడు, అంతే. మా పల్లెల్లో అందరి లెక్కా అదే. ఇది గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

నంద్యాలలో మా ఆసుపత్రి గుండె వార్డుకు ఇన్‌ఛార్జిగా ఉండి, పోయిన నెలాఖరుకు రిటైరయ్యాను. ఈ సంగతి నా ఉద్యోగంలో ఆఖరి చలికాలంలో జరిగింది.

అహోబిలం చుట్టుపక్కల వాళ్ళకు పారువేట గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. మిగతా వాళ్ళకోసం చెప్తాను. కనుమ నుంచి నరసింహస్వామి పల్లకిలో కొండ దిగి, ఆళ్ళగడ్డ చుట్టూ ఊరూరా తిరుగుతాడు. మళ్ళీ గుడికి చేరేసరికి నెల దాటిపోతుంది. ఆ పల్లకి మోసే బోయీలకు తాతల కాలం నుంచి ఎవరి చోటు వాళ్ళది. ఒక్కొక్కరి చేతిలో భుజమెత్తు కర్ర ఒకటి ఉంటుంది, పైన చీలికతో. వాళ్ళు దాన్ని ఉత్తగా 'కట్టె' అంటారు. పల్లకి ఆగిన చోట ఆ కట్టెను, భుజాన మోసే పల్లకి బొంగు కింద పెడితే, బరువు మనుషుల మీద నుంచి కట్టెల మీదికి పోతుంది. స్వామి మాత్రం నేల మీదికి దిగడు.

మన పేషెంటు ఆ బోయీల్లో ఒకడు. యాభైకి దగ్గరగా ఉంటాడు. ముందు వరసలో ఎడమ పక్క చోటు అతనిది. సరిగ్గా వెనకాల నిలబడేది అతని అన్న. పారువేట మొదలైన కొత్తలోనే, ఏదో ఊళ్ళో పల్లకి ఆగబోతుంటే అతనికి రొమ్ము పట్టేసింది. ఒళ్ళంతా చెమటలు. అయినా బొంగు వదల్లేదట. కట్టె పెట్టి, బరువు దాని మీదికి పోయిందని చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు కూలబడ్డాడట. అన్న అతన్ని జీపులో వేసుకుని ఆళ్ళగడ్డకు తీసుకుపోయాడు. అక్కడ రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చి మా దగ్గరికి పంపారు. మా డాక్టరు స్టెంటు వేశాడు. మూసుకున్న రక్తనాళం తెరుచుకుంది. నొప్పి పోయింది.

సినిమాల్లో అయితే అక్కడితో కథ అయిపోతుంది. మన వార్డులో అక్కడే మొదలవుతుంది. రక్తం ఆగినంతసేపు గుండె కండకు తిండి లేదు. మళ్ళీ రక్తం వచ్చినంత మాత్రాన ఆ క్షణమే లేచి పని చేయదు. కొంత కండ చచ్చిపోయి ఉంటుంది, అది ఇక రాదు. కొంత బతికే ఉంటుంది గానీ కదలదు. మా డాక్టరు దానికి వాడే మాట నాకు చాలా ఇష్టం. "సొమ్మసిల్లిందమ్మా" అంటాడు. మందులు వేళకు వేసి, ఆ గుండె మీద భారం పడకుండా చూసుకుంటే, ఆ సొమ్మసిల్లిన కండ కొన్ని వారాలకు మెల్లగా లేస్తుంది. ఎంత చచ్చింది, ఎంత సొమ్మసిల్లింది అనేది మొదటి రోజుల్లో ఖాయంగా ఎవరూ చెప్పలేరు. ఆగి చూడాల్సిందే.

గుండె ఎంత పని చేస్తోందో చూసే ఎకో తీశారు. ఆ గదిలో కొత్తగా చేరిన టెక్నీషియన్ పిల్ల ఉంది. చలాకీది, మనసు మంచిది, నోరే ఆగదు. బయట గోడకానుకుని పేషెంటు భార్య నిలబడి ఉంది.

"ఎంతొచ్చింది పాపా?" అని అడిగింది.

"ముప్పై వచ్చిందమ్మా, గుండె పంపింగు" అని చెప్పి ఈ పిల్ల ఇంకో పేషెంటును లోపలికి పిలుచుకుంది.

ఆ తల్లి అక్కడే గోడవార జారి కూర్చుండిపోయింది. నేను పోయి చెయ్యి పట్టుకుంటే, "ముప్పయ్యేనంట సిస్టరమ్మా. ఇంగో అయిదన్నా రాల్యా" అని ఏడ్చింది. నాకు ఆ మాట అప్పుడు తలకెక్కలేదు. భయంలో ఏదో అంటోందనుకుని నీళ్ళు తాగించాను. ఆ సాయంత్రానికల్లా ఆళ్ళగడ్డ చుట్టూ బోయీలందరికీ కబురు అందింది, 'వానికి గుండె పరీక్షలో ముప్పై వచ్చింది, ఫెయిలు' అని.

పేషెంటు మాత్రం మూడో పూటకే లేచి కూర్చున్నాడు. "నాకేం కాల్యా సిస్టరమ్మా. బేగా పంపియ్యండి. ఆడ సామి తిరుగుతాండాడు, ఈడ నేను పండుకోనుండా" అని ఒకటే పోరు. నొప్పి లేని పేషెంటు కంటే కష్టమైన పేషెంటు లేడు పిల్లలూ. నొప్పి ఉన్నవాడు మన మాట వింటాడు.

ఇంటికి పంపే రోజు అన్న వచ్చాడు. పెద్ద మీసాలు, తక్కువ మాటలు. మళ్ళీ ఎకో తీసేదాకా బరువు ఎత్తకూడదని మేము చెప్పిందంతా విని, మంచం మీద కూర్చుని తమ్ముడితో అన్నాడు.

"నీ చోట్లోకి మామ కొడుకును పెడతాండాం."

అంతసేపు గోల చేసినవాడు ఒక్కసారిగా నోరు మూశాడు. మందుల సంచీ భార్య చేతికిచ్చి, నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. పోట్లాడే పేషెంటుకు నేను భయపడను. ఆ మౌనం మాత్రం నాకు నచ్చలేదు.

కొన్ని వారాలకు ఆ భార్య ఫోన్ చేసింది.

"సిస్టరమ్మా, రేపు పల్లకి మా ఊరికొస్తాండాది. ఈయప్ప పొద్దున భుజం గుడ్డ ఉతికి ఆరేసినాడు."

"ఉతికితే ఏమైతాదమ్మా?"

"బొంగు కింద భుజాన ఏసుకునే గుడ్డ సిస్టరమ్మా అది. మోసేటోళ్ళు తప్ప ఇంగెవురూ ఏసుకోరు. ఎవురికీ చెప్పడంల్యా, అడిగితే పలకడంల్యా. నాకు కాళ్ళు చేతులు ఆడడంల్యా."

మరుసటి రోజు సెలవు పెట్టి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. ఊరంతా ముగ్గులు, మామిడాకులు. వాళ్ళ ఇంటి ముందు పసుపు రాసిన గడప, వసారాలో తీగ మీద ఆరుతున్న ఆ గుడ్డ. అన్న కూడా అక్కడే ఉన్నాడు. పల్లకి పొరుగూళ్ళో నైవేద్యం దగ్గర ఆగి ఉంటే, తమ్ముణ్ణి చూసిపోదామని వచ్చాడట.

పేషెంటు నన్ను చూసి నవ్వాడు. "ఏం సిస్టరమ్మా, ఇంత దూరం వచ్చినావు? నేను బతికే ఉండానా లేదా చూడనీకా?"

"ఉండావని తెలుసప్పా. ఉండాలని ఉందా లేదా అడగనీకి వచ్చినా. ఆ గుడ్డ ఏందీ?"

అన్న అప్పుడు చూశాడు తీగ వైపు. మొహం ఎర్రబడింది. "రేయ్, మోసేదానికేనా? ముప్పై మార్కులతో ఎట్లా మోస్తావురా? సామిని నడిబజార్లో పడేస్తావా?"

"ఫెయిలు, ఫెయిలు అని ఊరంతా చెప్పుకున్నారు గదా" అన్నాడు తమ్ముడు. "మన ఊర్లోకి సామొస్తే నేను అరుగు మీద కూసోని చూడాల్నా? నా చోట్లో ఇంగొగడు నిలబడితే? నేను మోస్తా. ఫెయిలో పాసో అందరూ చూడనీ."

అప్పుడు తట్టింది నాకు, ఇంగో అయిదన్నా రాలేదని ఆ తల్లి ఎందుకు ఏడ్చిందో. ముప్పై అయిదుకు అయిదు తక్కువ! మా నాయన లెక్క! ఒక మనిషి తన గుండె పరీక్ష తప్పిందని, ఆ పరువు కోసం పల్లకి కింద దూరబోతున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వెంటనే ఉత్సాహంగా మొదలుపెట్టాను.

"అన్నా, ముప్పై అంటే నూటికి అనుకుంటాండారా?"

"మరి? మార్కులంటే నూటికే గదా."

"ఈ పరీక్షలో నూరు ఎవురికీ రావు. నీకు తీసినా అరవై, అరవై అయిదు. కుస్తీ పట్టేవానికి తీసినా అంతే. గుండె నిండా ఉండే రక్తాన్ని ఒక్క దెబ్బకు మొత్తం తోసెయ్యదు. సగానికి కొంచెం పైన తోస్తాది, మిగతాది ఉంచుకుంటాది. అదే దాని పద్ధతి. కాబట్టి మీ తమ్ముడు ఫెయిలు కాదు."

ఆ భార్య మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. నాకు నా మీదే ముచ్చటేసింది. అన్న మీసం దువ్వుకుంటూ లెక్క వేశాడు.

"అరవైకి ముప్పై. అంటే సగం."

"ఆ, సగం" అన్నాను.

"సగమంటే పాసే గదా?"

తమ్ముడు చప్పట్లు కొట్టి లేచాడు. "చూసినావా అన్నా! సగం పాసు! సగం దూరం మోస్తా. మనింటి కాడ్నించి చావిడి దాకా, అంతే. మిగతాది వాణ్ణి మోయమను."

అన్న నా వైపు తిరిగాడు. "సగం దూరమైతే తప్పులేదనుకుంటా సిస్టరమ్మా. నువ్వే చెప్తివి."

పిల్లలూ, ఒక్క మాట రాసుకోండి. పేషెంటు భయం తీసేసేటప్పుడు కొంచెం మిగల్చండి. నేను తెచ్చుకున్న డిగ్రీ అంతా ఉపయోగించి, ఫెయిలైన మనిషిని పాసు చేసి, సొంత చేతులతో పల్లకి బొంగు కిందకి పంపబోతున్నాను. దూరంగా డప్పులు వినపడుతున్నాయి.

"కూసో అప్పా" అన్నాను. "అన్నా, నువ్వు నాకు ఒకటి చెప్పు. ఎండకు సొమ్మసిల్లి పడిపోయినోని మొహాన నీళ్ళు కొడితే కండ్లు తెరుస్తాడు. తెరవంగానే నెత్తిన వడ్ల మూట పెడతావా?"

"యాడన్నా పెడతారా?"

"ఎందుకు పెట్టవు? కండ్లు తెరిచినాడు. మాట్లాడతాండాడు. నాకేం కాల్యా అంటాండాడు."

"మళ్ళా పడిపోతాడు గదా."

"మీ తమ్ముని గుండెకాయ ఇప్పుడే కండ్లు తెరిచింది. దాంట్లో కొంత చచ్చిపోయింది. కొంత సొమ్మసిల్లి ఉండాది, నిదానంగా లేస్తాది. లేసేదాకా ఓపిక పట్టల్ల. ఈలోపల మూట పెడితే లేసేది గూడా లేయదు. పల్లకి కిందనే ప్రాణం పోయినా పోతాది. ముప్పై అనేది ఆఖరి మార్కు కాదు. పడిపోయిన నాడు తీసిన మార్కు."

అన్న తల దించుకున్నాడు. తమ్ముడు తీగ దగ్గరికి పోయి గుడ్డ ఆరిందో లేదో పట్టి చూశాడు. తర్వాత చిన్న గొంతుతో, "మరి సామి ఇంటి ముందరికి వస్తే, నేను ఆయప్పకు ఏం చెప్పాల?" అన్నాడు. నర్సింగులో ఆ పాఠం లేదు.

పొయ్యి దగ్గర నుంచి భార్య అంది. "బావా, పల్లకి మనింటి ముందర ఆగుతాది గదా. ఆగినప్పుడు బరువు ఎవురి మీద ఉంటాది?"

"కట్టెల మీద."

"మీరేం చేస్తాంటారు?"

"బొంగు కింద నిలబడుకోనుంటాం."

"నిలబడుకోని చెమట తుడుచుకుంటాంటారు. ఆ కాసేపు ఈయప్పను ఈయప్ప చోట్లో నిలబెట్టు. ఎత్తేముందు పక్కకు రమ్మను. దీనికి ఇంత పంచాయితీ ఏందీ?"

అన్న తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు. "ఎత్తేముందు వీడు పక్కకు వస్తాడా? ఒట్టు పెట్టమను."

"ఎవురి మీద పెట్టాల? సామి మీద పెడితే ఆయప్పే గదా పల్లకిలో ఉండేది, వింటాడు" అన్నాడు తమ్ముడు.

"వింటాడనే పెట్టమంటాండా."

పెట్టాడు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు.

పల్లకి వచ్చింది. కొబ్బరికాయలు, కర్పూరం, పల్లకి కింది నుంచి దూరడానికి తోసుకుంటున్న జనం. నేను గోడ పక్కన నిలబడ్డాను. పక్కనున్న ముసలామె నా మెడలోని సిలువ చూసి చీర కొంగు లాగింది. "నంద్యాల సిస్టరమ్మవు నువ్వే గదా? దండం పెట్టుకో. మీ యేసయ్య ఏమనుకోడులే."

"ఆయనకు నేను సర్ది చెప్పుకుంటాలే అవ్వా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. చేతులైతే వాటంతటవే కలిశాయి, ఎవరికి పెట్టానో ఎవరికి ఎరుక.

కట్టెలు పడ్డాయి. బరువు దిగింది. మామ కొడుకు పక్కకు జరిగాడు. మన మనిషి ఉతికిన గుడ్డ మడత పెట్టి భుజాన వేసుకుని, తన చోట్లో నిలబడ్డాడు. బొంగు భుజానికి తగిలీ తగలనట్టు ఉంది. కళ్ళు మూసుకున్నాడు. ఊరంతా చూసింది. ఎవరో ముందు వరసలో "వచ్చినాడ్రా!" అన్నారు. భార్య నా చెయ్యి పట్టుకుని ఉంది, గాజులు నా మణికట్టులో గుచ్చుకుంటున్నాయి.

హారతి అయిపోయింది. ఎత్తమని కేక పడింది. వెనక వరసలో కట్టెలు తీశారు. మామ కొడుకు వచ్చి నిలబడ్డాడు. మన మనిషి కదల్లేదు. కళ్ళు తెరవలేదు. చెయ్యి పైకి లేచి బొంగును పట్టుకుంది. నేను "అప్పా!" అని అరిచాను. డప్పుల్లో నా గొంతు నాకే వినపడలేదు.

వెనకాలున్న అన్న ఒక చేత్తో బొంగు పట్టుకునే, ఇంకో చెయ్యి చాపి తమ్ముడి భుజం మీది గుడ్డను సర్రున లాగేశాడు. వట్టి భుజంతో బోయీ బొంగు పట్టడు. తమ్ముడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఆ తిరిగిన సందులో మామ కొడుకు దూరాడు. పల్లకి లేచింది.

మన మనిషి అక్కడే నిలబడిపోయాడు, భుజం మీద ఏమీ లేకుండా. ఈ అవమానంతో ఈ మనిషి ఏమైపోతాడో అనుకున్నాను. నాలుగడుగులు వేసిన పల్లకి మళ్ళీ ఆగింది. అన్న తన చేతిలోని కట్టెను తమ్ముడి వైపు చాపాడు.

"ఏందిరా చూస్తాండావ్? పట్టు. చావిడి కాడ ఆగితే కట్టె నువ్వే పెట్టాల. బేగా నడువు. వద్దులే, నిదానంగానే నడువు. సామినే ఆపుతాం."

ఆ రోజు ఆ వీధిలో పల్లకి పోయినంత నెమ్మదిగా ఎప్పుడూ పోలేదని ముసలామె సణిగింది. మన మనిషి కట్టె పట్టుకుని పక్కన నడిచాడు. చావిడి దగ్గర బొంగు కింద కట్టె పెట్టి, బరువు దాని మీదికి పోయిందో లేదో చేత్తో తడిమి చూశాడు. తర్వాత అరుగు మీద కూర్చున్నాడు. నేను పోయి నాడి పట్టుకున్నాను. "పాసేనా?" అన్నాడు. "నోరు మూసుకోని మాత్రలేసుకో" అన్నాను.

తర్వాత నేను రిటైరయ్యాను. దండలు, శాలువా, ఫోటోలు. అందరూ నా సర్వీసు గురించి మాట్లాడుతుంటే నా మనసు మాత్రం అతనికి మళ్ళీ తీయాల్సిన ఎకో మీదే ఉంది. అది నిన్న తీశారు. నేను ఆ గదిలో లేను. ఫోన్ వచ్చింది.

"సిస్టరమ్మా, నేనే."

"ఎంతొచ్చిందప్పా?"

"చెప్పను. పద్ధతిగా అడుగు."

నా నోట మా నాయన మాట వచ్చింది. "గట్టెక్కినావా లేదా?"

"యాభై రెండు!" అని అరిచాడు. ఆ వెనకాల భార్య నవ్వు, ఎవరో దగ్గు, టెక్నీషియన్ పిల్ల గొంతు. "మేడమ్, ఈసారి నేనేం చెప్పలేదు, డాక్టరు గారే చెప్పారు!" సొమ్మసిల్లింది లేచింది పిల్లలూ. ముప్పై నుంచి యాభై రెండు! బరువు సంగతి డాక్టరు నిదానంగా చూసి చెప్తాడట. ఈలోగా ఆ కట్టెను మాత్రం ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదని భార్య ఫిర్యాదు.

ఫోను పెట్టేసి సాయంత్రం మిఠాయి కొట్టుకు పోయాను. కిలో లడ్డు కట్టమన్నాను.

"ఎవురు పాసైనారు మేడమ్?" అన్నాడు కొట్టతను.

"మావాడే ఒకడు. యాభై రెండు!"

అతను తూకం వేస్తున్నవాడు ఆగి నన్ను జాలిగా చూశాడు. "ఇప్పుడు పిల్లోళ్ళు తొంభై వచ్చినా ఏడుస్తాండారు మేడమ్."

ఈ పరీక్ష వేరు, దీంట్లో నూరు రావు, అని చెప్పబోయాను. పోయినసారి నేను విడమరిచి చెప్పినప్పుడు ఏమయిందో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అతను పొట్లం కట్టబోతూ, ఇంకో లడ్డు తీసి పైన పెట్టాడు.

"ఇది ఊరికే మేడమ్. తక్కువొచ్చినాయని పిల్లోన్ని తిట్టద్దండి."

తిట్టనని మాటిచ్చి తెచ్చుకున్నాను.